చెలమ అడుగున సముద్రం

నీళ్లలో కరిగిన ఉప్పు ఎక్కడుంటుందని ఎవరడిగినా పాతికేళ్లుగా నేను ఒకటే చెబుతున్నాను. అంతటా ఉంటుంది, సమానంగా ఉంటుంది. పైనుంచి చుక్క తీసినా, అడుగునుంచి చుక్క తీసినా తేడా ఉండదు. టెక్కలిలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకోవడం నా ఉద్యోగం. ఈ మాట ఎంతమంది పిల్లల చేత రాయించానో నాకే తెలియదు. మాట తప్పు కాదు. దాన్ని ఉద్దానం ఇసకలోకి పట్టుకుపోయి మా అత్త జీడిమొక్కల్ని చంపబోయానే, అదీ తప్పు.

ఉద్దానంలో మా తోట సముద్రానికి దగ్గర. మధ్యలో ఇసక దిబ్బలు, సరుగుడు తోపు, అంతే. ఆ తోటలో ఒక జీడిచెట్టుండేది. మా అత్త దాన్ని దొంగజీడి అనేది. కొత్తకోడలుగా ఉన్న రోజుల్లో పక్క ఊరి కామందు తోటలో జీడిపిక్కలేరే కూలికి వెళ్లి, అన్నిటికన్నా పెద్ద పిక్క ఒకటి కొప్పులో దాచి తెచ్చి పాతిందట. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచదు. పైగా ఎవరైనా పిక్క సైజు చూసి మెచ్చుకుంటే, "దొంగసొమ్ము గదా, బాగా పెరిగినాది," అంటుంది. పలాస నుంచి వచ్చే వ్యాపారి మిగతా చెట్ల పిక్కల్ని గోనెల్లో పోయించుకుని, దొంగజీడివి మాత్రం అరచేతిలో వేసుకుని ఒక్కొక్కటీ తిప్పి చూసేవాడు.

తుఫాను ఆ చెట్టుని వేళ్లతో సహా పెకలించి పక్కన పడుకోబెట్టింది. ఎవరికెన్ని చెట్లు పోయాయో చెప్పుకుంటూ ఊరు ఊరంతా ఏడుస్తున్న రోజులవి. మా అత్త ఆ ఒక్క చెట్టు గురించే మాట్లాడింది. తర్వాత మాటలు మానేసి అటక మీది కుండ దించింది. అంతకుముందు వేసవిలో ఏరిన దొంగజీడి పిక్కలు, విత్తనానికని బుగ్గిలో కలిపి దాచినవి. చెట్టు పోయింది కాబట్టి ఆ కుండలో ఉన్నవే ఆఖరు. మళ్లీ కావాలంటే కామందు తోట కూడా లేదు, అదీ తుఫానులోనే పోయింది.

గంగాళంలో నీళ్లు పోసి, నౌపడ గల్లుప్పు దోసిళ్లతో వేసి, చేత్తో కలిపింది. అందులో కోడిగుడ్డు వేసింది. మునిగింది. ఇంకో దోసెడు ఉప్పు. ఈసారి గుడ్డు మెల్లగా లేచి, రూపాయి బిళ్లంత నెత్తి నీటిపైకి పెట్టి నిలబడింది. గుడ్డు తీసేసి పిక్కలు పోసింది.

నాకు నోరు ఊరుకోదు. "ఉప్పు కరిగితే నీళ్లు బరువెక్కుతాయత్తా. గుడ్డు కంటే నీళ్లు బరువైపోయాయి, అందుకే తేలింది. దాన్ని సాంద్రత అంటారు," అన్నాను.

"నాను అడిగేనేటి?"

"తెలుసుకుంటే మంచిది కదా."

"తేలినవి తాలు. మునిగినవి మొలుత్తాయి. నీ సదువులో ఇంతకన్నా ఏటైనా ఉంటే సెప్పు."

లేదు. మునిగినవి కడిగి నల్ల ప్లాస్టిక్ సంచుల్లో పాతింది. రెండొందల పైచిలుకు మొలిచాయి. వానలు పడేదాకా వాటిని సంచుల్లో బతికించి, నేల తడిశాక నాటాలి. దొంగజీడి ఈ భూమ్మీద మిగలడమా మానడమా అన్నది ఆ సంచుల చేతిలో ఉంది.

నీళ్లు చెలమవి. దిబ్బల పల్లంలో మోకాలి లోతు ఇసక తీస్తే చాలు, నీరు ఊరుతుంది. సముద్రం హోరు చెవిలో పడుతూ ఉంటుంది, నోట్లో నీళ్లు మాత్రం తియ్యగా ఉంటాయి. పైఊళ్ల వాళ్లు తాగి కూడా నమ్మరు. మేం పుట్టినప్పటినుంచీ తాగుతున్నాం కాబట్టి ఆశ్చర్యపోవడం మరిచిపోయాం.

ఆ నీటిని మా అత్త కొబ్బరిచిప్పతోనే తీస్తుంది. వెదురుకర్రకి కట్టిన చిప్ప. నిలువునా ముంచదు. అంచు ఒక పక్కకి వంచి, పైపొరని మీగడ తీసినట్టు తీసి కుండలో పోస్తుంది. బకెట్టు దించనివ్వదు. చెలమలో కాలు పెట్టనివ్వదు. నాలుగు కుండలు నిండాక ఆపేసి, ఊట తేరుకునేదాకా గట్టుమీద కూచుంటుంది. ఎందుకని అడిగితే చెప్పిన జవాబు ఇదీ:

"కింద సముద్రం పడుకునున్నాది. దాన్ని లేపకు."

ఇలాంటివి మా ఇంట్లో చాలా ఉన్నాయి. తుమ్ము, పిల్లి, బల్లి. దీన్ని కూడా వాటి పక్కన పెట్టేశాను.

ప్రాక్టికల్స్ అయిపోయి సెలవులొచ్చాక నేను కూడా తోటలో సాయానికి దిగాను. రెండొందల సంచులకి చిప్పతో నీళ్లంటే పొద్దున్న మొదలుపెడితే ఎండ నెత్తికెక్కేదాకా పని. మూడోరోజుకి నా నడుం నన్ను తిట్టడం మొదలుపెట్టింది. ఆవిడ నడుం ఇరవై ఏళ్లుగా తిడుతూనే ఉండాలి, ఆవిడ వినదు. నీళ్లు తోడే ఇంజను పెడదామన్నాను. ససేమిరా అంది. సరే, శాస్త్రీయంగా ఒప్పిద్దామని ల్యాబు నుంచి సిల్వర్ నైట్రేట్ ద్రావణం చిన్న సీసాలో తెచ్చాను. నీటిలో ఉప్పుంటే ఇది ఒక్క చుక్క వేయగానే తెల్లగా విరుగుతుంది. ఉప్పు ఎంత ఎక్కువైతే అంత తెలుపు. చెలమ నీటిని చిప్పతో తీసి గాజుగొట్టంలో పోసి చుక్క వేశాను. సన్నటి పొగలాంటిది లేచి, అంతటితో ఆగిపోయింది.

"చూశావా? ఉప్పు లేనట్టే. పైన తీపైతే కింద కూడా తీపే. నీరు ఒకటే కదా."

"పైని మీగడున్నాదని కింద కూడా మీగడే ఉంటాదేటి?"

"పాలు వేరు, నీళ్లు వేరు అత్తా."

"ఔను. నీకు రెండూ తెల్దు."

అక్కడితో వాదన ఆగింది. నేను ఓడిపోయి కాదు. కోటబొమ్మాళిలో మా ఆడపడుచు కాలు విరిగిందని కబురొచ్చి, మా అత్త రెండు వారాలు అక్కడికి వెళ్లాల్సొచ్చింది. వెళ్తూ వెళ్తూ చిప్ప నా చేతిలో పెట్టి, "మొక్కలు నీయి," అంది. ఇంకేం చెప్పలేదు. చెప్పి ఉంటే కనీసం వాదించేదాన్ని.

పలాసలో వ్యవసాయ పనిముట్లు అద్దెకిచ్చే మా మరిదికి ఫోన్ చేశాను. చిన్న పెట్రోలు ఇంజను ఒకటి బండి వెనక కట్టుకుని వచ్చాడు. వచ్చి చెలమ వైపు చూసి, నా వైపు చూశాడు.

"వదినా, అమ్మకి సెప్పేవా?"

"నీళ్లకి నేను జవాబుదారీ. నువ్వు గొట్టం దించు."

"అలగైతే నాను రాలేదనుకో. ఇంజను దానంతటదే పలాస నుండి నడిసొచ్చిందనుకో."

గొట్టం మునగడానికి చెలమని ఛాతీ లోతు తవ్వించాను. తాడు లాగగానే ఇంజను దగ్గి, నీళ్లు ఎగజిమ్మాయి. దోసిలి పట్టి తాగాను. తియ్యగానే ఉన్నాయి. అరగంటలో రెండొందల సంచులూ తడిసిపోయాయి. ఇంత నీరుండగా ఊరుకోవడమెందుకని పక్కన బెండ, వంగ మళ్లు కూడా వేశాను. రోజూ గంటన్నర ఇంజను ఆడించాను. ఒక్కసారి చూసిన రీడింగు పట్టుకుని పేజీ నింపేయకండని పిల్లల్ని తిట్టే నేను, ఆ గాజుగొట్టాన్ని మళ్లీ బయటికి తియ్యలేదు.

ఎనిమిదోరోజుకి జీడి ఆకుల కొసలు గోధుమరంగు తిరిగాయి. ఎండదెబ్బ అనుకున్నాను. పాపం దాహమేసిందని పూటకోసారి నీళ్లు పెట్టాను. ఎంత ఎక్కువ పోస్తే అంత మాడాయి. ఎంత మాడితే అంత పోశాను. బెండ మొలకలు పచ్చబడి వాలిపోయాయి.

మా అత్త పదమూడోరోజు పొద్దున్నే దిగింది. తిడుతుందని మాటలన్నీ సిద్ధం చేసుకుని నిలబడ్డాను. ఆవిడ నన్ను దాటుకుని సంచుల దగ్గరికి వెళ్లి, ఒక ఆకు తుంచి అంచు వేళ్లతో నలిపి చూసింది. చెలమ దగ్గరికి వెళ్లింది. ఛాతీ లోతు గుంటని, గొట్టాన్ని చూసింది. వేలు ముంచి నాలుక్కి రాసుకుని ఉమ్మేసింది.

"లేపేసినావు," అంది.

అయినా నేను నేనే కదా. "ఎండలు చూశావా అత్తా ఎలా ఉన్నాయో," అని మొదలుపెట్టాను. ఆవిడ నా చేతిసంచిలోంచి సీసా, గాజుగొట్టం తీసి నా చేతిలో పెట్టింది. చెలమ నీళ్లు పోసి చుక్క వేశాను. పాలలో నిమ్మకాయ పిండినట్టు తెల్లగా విరిగి అడుక్కి దిగింది. ల్యాబులో అయితే అంత తెలుపు చూసి మార్కులేస్తాను.

"మళ్లీ పడుకుంటుందా?" అని అడిగాను.

"నాలుగు వానలు పడితే పడుకుంటాది."

వానలకి ఇంకా రెండు నెలలు. సంచులు రెండు నెలలు ఆగవు.

"కొబ్బరి మొక్కయితే బెంగలేదు. దాని గోతిలో మనమే ఉప్పేత్తాం, తింటాది. జీడి తిన్లేదు," అని, పార పట్టుకుని సరుగుడు తోపు వైపు నడిచింది.

ఆవిడ తోపు లోపలగా, సముద్రానికి ఇంకొంచెం ఎడంగా, మూడు చోట్ల ఇసక తీయించింది. తడి తగిలాక ఇంకో జానెడు, అంతే, పార ఆపించింది. నీరు ఊరేదాకా కూచోబెట్టింది. నేను ఆ ఖాళీలో పాత చెలమ దగ్గరికి వెళ్లాను. ఇంజను తీసేసి అప్పటికి రెండు రోజులైంది. ఒక ఖాళీ సీసాకి రాయి కట్టి, మూతికి బిరడా పెట్టి, బిరడాకి దారం కట్టి అడుగుదాకా దించాను. దారం లాగితే బిరడా ఊడి అడుగు నీరే సీసాలోకి వస్తుంది. అలాగే నడిమి నీరు తీశాను. పైనీరు చిప్పతో తీశాను. మూడు గాజుగొట్టాలు ఇసకలో గుచ్చి, మూడింటిలో చుక్క వేశాను.

పైది పలచటి మజ్జిగ. మధ్యది పాలు. అడుగుది పెరుగు.

ఒకే గుంట. ఒకే నీరు. మధ్యలో గోడ లేదు, పొర లేదు, ఏమీ లేదు. అయినా మూడు రకాలు. కెమిస్ట్రీ చదివిన మొదటిరోజు కూడా అంత ఆశ్చర్యం కలగలేదు నాకు.

ఇంటికొచ్చి గాజుగ్లాసులో సగం దాకా ఉప్పునీరు పోసి, బట్టలకేసే నీలిమందు ఒక చుక్క కలిపాను. దానిమీద చెంచా బోర్లించి, చెంచా వీపు మీదుగా మంచినీళ్లు సన్నటి ధారగా వదిలాను. కింద నీలం, పైన తెలుపు, నడుమ గీత గీసినట్టు. వంటింటి గూట్లో పెట్టాను. మర్నాటికి గీత అంచు కాస్త చెదిరింది కానీ నిలబడే ఉంది. ఆ పైరోజు ఇంకొంచెం చెదిరింది. మా అత్తని పిలిచి చూపించాను. చూస్తుండగా వేలు పెట్టి ఒక్కసారి తిప్పాను. క్షణంలో గ్లాసంతా ఒకటే లేతనీలం.

"నువ్వు ఏలు పెట్టేదాకా బాగానే ఉన్నాది," అంది ఆవిడ.

నేను పిల్లలకి చెప్పినది నిజమే. ఉప్పు అంతటా సమానంగా పరుచుకుంటుంది, ఎవరూ నెట్టకపోయినా తనంతట తనే నడుచుకుంటూ పైకి వస్తుంది. కానీ ఎంత కాలానికి అన్నది నేనెప్పుడూ చెప్పలేదు. ల్యాబులో మా చేతిలో గాజుకడ్డీ ఉంటుంది, తిప్పేస్తాం. ఇసకలో తిప్పేవాళ్లు లేరు. రేణువుల సందుల్లో నీరు కదలడానికి చోటు లేదు. దిబ్బల మీద పడిన వాన ఇసకలోకి దిగి, బరువైన సముద్రపు నీటి మీద తేలికగా పడుకుంటుంది. గంగాళంలో గుడ్డు తేలినట్టు. ఆ గుడ్డు గురించి ఆవిడకి పాఠం చెప్పింది నేనే. మేం తాగేది ఆ గుడ్డునే అని నాకు తట్టలేదు. ఉప్పు రోజూ పైకి రావాలని చూస్తూనే ఉంటుంది. ఏటా వాన దాన్ని కిందికి తోస్తూనే ఉంటుంది. మా తాతల నాటి నుంచీ మా కాళ్ల కింద ఇంత పని నడుస్తోంది, చప్పుడు లేకుండా. కొబ్బరిచిప్ప పట్టుకున్నవాళ్లకి అది తెలుసు.

సంచుల్లో చేరిన ఉప్పుని బయటికి పంపాలి. నీటితో వచ్చింది నీటితోనే పోవాలి, వేరే దారి లేదు. మంచినీళ్లు మెల్లగా పోస్తూ పోతే మట్టిలో ఉప్పు అందులో కరిగి, సంచి అడుగు చిల్లుల్లోంచి కారిపోతుంది. ఇది నేనే చెప్పాను, ఆవిడ ఒప్పుకుంది. కానీ కొత్త చెలమలు మూడూ కలిపి చిప్పతో తీస్తే రోజుకి నలభై సంచులకి మించి చాలవు. ముందు ఏ నలభై? బాగా మాడినవి ముందు కడగాలని నేనన్నాను. ఆస్పత్రిలో కూడా అంతే కదా అన్నాను.

"సచ్చినోటికి నీల్లోసి, బతికినోటిని సంపుతావా?"

"అవీ బతకొచ్చు కదా."

"బతకొచ్చు. బతికున్నది బతుకుతాది. నీకేది కావాల?"

బాగున్నవాటితోనే మొదలుపెట్టాం. మాడినవాటి వైపు చూడకుండా పనిచేయడం నాకు కష్టమైంది. ఆవిడ కూడా చూడలేదు. కాకపోతే ఆవిడ తల తిప్పుకోవడం నేను గమనించాను. మా మరిది పలాస నుంచి వచ్చి కుండలు మోశాడు. "ఇంజను నడిసొచ్చినాది గానీ కుండలు నడవవు గదా," అన్నాడు. వాళ్లమ్మ వాడి వంక చూసిన చూపుకి మరో రెండు కుండలు భుజానికెత్తుకున్నాడు.

ప్రతి సంచి కిందా గిన్నె పెట్టి, కారిన నీటిలో చుక్క వేసి చూసేదాన్ని. మొదటి కుండకి పెరుగు. రెండో కుండకి పాలు. మూడో కుండకి మజ్జిగ. నాలుగో కుండకి మజ్జిగతేట. కంటికి కనబడకుండా సంచిలో చేరిన ఉప్పు కంటికి కనబడకుండానే వెళ్లిపోతోంది. వెళ్తోందనడానికి ఆ గాజుగొట్టంలో తెలుపొక్కటే సాక్ష్యం. సిల్వర్ నైట్రేట్ పడినచోటల్లా నా వేళ్లు నల్లగా మచ్చలు తేలాయి, ఎంత తోమినా పోలేదు. మా అత్త నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, తన చెయ్యి పక్కన పెట్టింది. జీడి సొన అంటి అంటి ఆవిడ వేళ్లు ఎప్పుడో నల్లబడ్డాయి.

"ఇప్పుడు నువ్వు పిక్కలు కొట్టినదానివిలాగున్నావు," అంది. ఆ వారంలో ఆవిడ నాతో నవ్వుతూ అన్న మొదటి మాట అది.

ఆరోరోజుకి ఆఖరి వరసకి వచ్చాం. మాడిన వరస. ఆకులు లేని పుల్లలు. సీసా అప్పటికి ఖాళీ. చుక్క మిగల్లేదు. గిన్నెలో కారిన నీటిలో ఆవిడ వేలు ముంచి నా నాలుక మీద పెట్టింది.

"సెప్పు."

"తీపే."

తనూ నాలుక్కి రాసుకుంది. కళ్లు మూసుకుంది. నేను పాతికేళ్లుగా తూచి, కొలిచి, రంగు చూసి చెప్పే సంగతి ఆవిడ నాలుక కొసన కాసేపు నిలబడింది.

"ఇంకో కుండ," అంది.

ఆవిడతో ఆ వారం నేను వాదించాలనుకుని వాదించకుండా పోసిన ఒకే ఒక్క కుండ అది.

బతికినవి నూట నలభై ఆరు. మాడిన వరసలో పదకొండు బతికాయి. ముందు ఆ వరసనే కడిగుంటే ఇంకెన్ని బతికేవో, బాగున్నవి ఎన్ని పోయేవో నాకు తెలియదు. ఆవిడ్ని అడగలేదు. కొత్త జీడి చిగురు రాగి రంగులో ఉంటుంది. పల్చగా, వెలుగు అవతలికి కనిపించేలా. మొదటిది ఒక పుల్ల కణుపు దగ్గర కనబడినప్పుడు నేనే ముందు చూశాను. పిలిచేలోగా ఆవిడే వచ్చి వెనక నిలబడింది.

తొలివానలకి నాటాం. దొంగజీడి కూలిన గోతిలో మాడిన వరసలోని మొక్క ఒకటి పెట్టించింది. నేనడిగితే, "అది ఉప్పు సూసొచ్చినాది గదా," అంది. అది తర్కం కాదని చెప్పాను. ఆవిడ వినలేదు.

నాలుగు వానలు పడ్డాక పాత చెలమ దగ్గరికి చిప్ప పట్టుకుని వెళ్లాను. గుంట ఒడ్లు కూలి, ఇసక సగం పూడ్చేసింది. మోకాళ్ల మీద కూచుని, అంచు వంచి, పైపొర తీసి నాలుక మీద వేసుకున్నాను. తీపి. అడుగు నీరు చూద్దామని సీసా తెచ్చుకున్నాను, రాయీ దారమూ కూడా కట్టే ఉన్నాయి. దించలేదు. అడుగున అది పడుకునే ఉంది.